ఐదేళ్ల సభ పదహారేళ్లు ఎలా నడిచింది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గుర్తింపు లేని దేశాల గురించి గత సంచికలో వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, ఆఫ్రికా తూర్పు కొసన ఉన్న సోమాలీలాండ్‌లో 2005లో ఎన్నికైన ప్రతినిధుల సభ 2021 దాకా కొనసాగిందని ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయాం. మిగతా జవాబంతా పక్కనపెట్టి ఆ ఒక్క వాక్యం మీదనే హనుమకొండ, పరకాల, జనగామ, హుజూరాబాద్, ములుగు, పెద్దపల్లి, కరీంనగర్‌ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ సభకే కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: సోమాలీలాండ్‌ను దేశమనాలా, సోమాలియాలో ఒక రాష్ట్రమనాలా? అక్కడి పార్లమెంటు స్వరూపం ఏమిటి? (డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: ఎవరిని అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న సోమాలీలాండ్‌కు 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది. వారం తిరక్కముందే, జూలై 1న, అది ఇటలీ పాలన నుంచి బయటపడిన దక్షిణ ప్రాంతంతో కలిసి సోమాలీ రిపబ్లిక్‌గా మారింది. 1969లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన సియాద్ బర్రె హయాంలో ఉత్తరాది వారు తీవ్రమైన అణచివేతకు గురయ్యారు. 1988లో సొంత ప్రభుత్వపు విమానాలే హర్గేసా నగరం మీద బాంబులు కురిపించాయి. 1991లో బర్రె ప్రభుత్వం కూలిపోయాక, ఆ ప్రభుత్వంపై పోరాడిన సోమాలీ జాతీయోద్యమం అనే తిరుగుబాటు సంస్థ నాయకులు, తెగల పెద్దలు బురావో పట్టణంలో సమావేశమై, 1960 నాటి కలయిక నుంచి తప్పుకుంటున్నట్టు మే 18న ప్రకటించారు.

అప్పటి నుంచి దానికి సొంత కరెన్సీ, పోలీసు, సైన్యం, న్యాయస్థానాలు, పాస్‌పోర్టు ఉన్నాయి కానీ ఐక్యరాజ్య సమితిలో సీటు లేదు. మనం మాట్లాడుకుంటున్న సభ నడిచిన కాలమంతా సమితి సభ్యదేశాల్లో ఒక్కటి కూడా దాన్ని గుర్తించలేదు. మొగదీషులోని సోమాలియా ప్రభుత్వం దృష్టిలో అది తమ దేశంలో భాగమే. తమ వైశాల్యం 1,76,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అని ఆ ప్రభుత్వం చెప్పుకుంటుంది. అంటే 1,12,077 చదరపు కిలోమీటర్ల మన తెలంగాణ కంటే పెద్దదే. జనాభా మాత్రం 35 లక్షలని చాలాకాలం అంచనాగా చెబుతూ వచ్చారు. 2011 లెక్కల ప్రకారం ఒక్క ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభాయే 35 లక్షలు దాటింది. అక్కడ అందరూ ఒప్పుకునే జనగణన జరగలేదు కనుక 35 లక్షలన్నది అంచనాయే. ఈ సంగతితో కింద మనకు పని పడుతుంది.

2001 మే 31న ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొందిన రాజ్యాంగం ప్రకారం అక్కడ ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడు, రెండు సభల పార్లమెంటు ఉంటాయి. కింది సభ పేరు ప్రతినిధుల సభ, పై సభ పెద్దల సభ. పెద్దల సభను అక్కడ గూర్తి అంటారు. రెండింటిలోనూ 82 మంది చొప్పున సభ్యులు. ఆర్థిక బిల్లులు మినహా మిగిలినవన్నీ ప్రతినిధుల సభ దాటాక గూర్తి పరిశీలనకు వెళతాయి. అది రాతపూర్వకంగా కారణాలు చూపి బిల్లును వెనక్కి పంపవచ్చు. రాజకీయ పార్టీలు మూడుకు మించరాదని రాజ్యాంగంలోనే రాసుకోవడం ఈ వ్యవస్థలోని మరో విశేషం. ప్రతి తెగా ఒక పార్టీ పెట్టుకుంటే దేశం ముక్కలవుతుందన్న భయమే దీనికి కారణం.

ప్రశ్న: ఐదేళ్లకు ఎన్నుకున్న సభ పదహారేళ్లు కూర్చుందంటే మధ్యలో సైనిక పాలనో, అంతర్యుద్ధమో వచ్చి ఉండాలి కదా? ఎన్నికలను ఆపింది ఎవరు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల)

జవాబు: రెండూ రాలేదు. ఈ కథలో ప్రతి పొడిగింపూ కాగితం మీద చట్టప్రకారమే జరిగింది, అసలు చిక్కూ అక్కడే ఉంది.

మొదట ఆ ఎన్నిక సంగతి చెప్పుకుందాం. 2005 సెప్టెంబరు 29న జరిగిన ఆ పోలింగే అక్కడ ప్రతినిధుల సభకు జరిగిన తొలి ప్రత్యక్ష ఎన్నిక. అంతకుముందు సభ్యులను తెగలే నామినేట్ చేసేవి. మూడు పార్టీలు 82 మంది చొప్పున మొత్తం 246 మందిని నిలబెట్టాయి. స్వతంత్రులకు పోటీచేసే అవకాశం లేదు. ఓటర్ల జాబితా అన్నదే లేదు, వేలికి సిరా గుర్తే ఆధారం. దాదాపు 6 లక్షల 70 వేల ఓట్లు పోలయ్యాయి. అప్పటి అధ్యక్షుడు దాహిర్ రియాలె కాహిన్ పార్టీ ఉదుబ్‌కు 33, ప్రతిపక్షాలైన కుల్మియెకు 28, ఉసిద్‌కు 21 స్థానాలు వచ్చాయి. తూర్పున సూల్, సనాగ్ ప్రాంతాల్లో కొన్నిచోట్ల పోలింగ్ జరగలేదన్న లోటును పక్కనపెడితే, గుర్తింపే లేని దేశంలో ఇంత సజావుగా ఎన్నిక జరగడం చూసి బయటి నుంచి వచ్చిన పరిశీలకులు మెచ్చుకున్నారు.

ఇక గడువు సంగతికొస్తే, రాజ్యాంగం 42వ అధికరణం ప్రకారం ప్రతినిధుల సభ కాలపరిమితి తొలి సమావేశం నుంచి ఐదేళ్లు. విపత్కర పరిస్థితుల వల్ల ఎన్నిక జరపలేకపోతే, ఆ పరిస్థితులు తొలగి కొత్త సభ ఎన్నికయ్యేదాకా పాత సభే కొనసాగుతుందని అదే అధికరణం చెబుతుంది. విస్తృతమైన యుద్ధం, అంతర్గత అస్థిరత, భూకంపం, మహమ్మారి, తీవ్రమైన కరవు లాంటివి విపత్కర పరిస్థితులని కూడా అందులో వివరంగానే రాశారు. అలాంటి పరిస్థితి ఉందని మంత్రివర్గం ప్రతిపాదించాలి, గూర్తి తీర్మానించాలి. ఎన్ని నెలలు పొడిగించవచ్చు, ఎన్నిసార్లు పొడిగించవచ్చు అన్న పరిమితి మాత్రం ఎక్కడా కనిపించదు.

2010లో సభ గడువు ముగిసే వేళకు గూర్తి దాన్ని రెండేళ్ల ఎనిమిది నెలలు పొడిగించింది. అదే ఊపులో తన సొంత గడువును మూడేళ్ల ఎనిమిది నెలలు పెంచుకుంది. 2013లో మళ్లీ పొడిగింపు వచ్చింది, ఆ తరువాతా ఆగలేదు. విచిత్రమేమంటే, ఇదే కాలంలో 2010 జూన్ 26న అధ్యక్ష ఎన్నిక, 2012 నవంబరు 28న స్థానిక ఎన్నికలు, 2017 నవంబరు 13న మరో అధ్యక్ష ఎన్నిక జరిగాయి. 2017 నాటి ఎన్నికలో కనుపాప ఆధారంగా తయారుచేసిన ఓటర్ల జాబితాను కూడా వాడారు. అధ్యక్షుణ్ని, మున్సిపల్ సభ్యులను ఎన్నుకోగలిగిన దేశానికి పార్లమెంటును ఎన్నుకోలేనంత విపత్తు ఏమి వచ్చిందని అడిగితే, నిజాయితీగల జవాబు ఒక్కటే. వచ్చింది విపత్తు కాదు, సీట్ల పంపకం తగాదా.

ఆ తగాదా ఇది. 1960లో బ్రిటిష్ కాలపు శాసనసభలో 33 స్థానాలుండేవి. ఆ 33ను ఏ ప్రాంతానికి ఎన్ని అని పంచిన నిష్పత్తినే 2005లో 82 స్థానాలకు సాగదీశారు. అలా హర్గేసాకు 20, తొగ్‌దేర్‌కు 15, అవ్‌దాల్‌కు 13, సూల్, సనాగ్‌లకు 12 చొప్పున, సాహిల్‌కు 10 వచ్చాయి. ఈసారికి మాత్రమే ఇలా చేద్దాం, తరువాత జనాభాను బట్టి చూసుకుందామన్నది అప్పటి సర్దుబాటు. జనాభాను బట్టి చూడాలంటే జనగణన కావాలి. ప్రతి ప్రాంతం వెనకా ఒక ప్రధాన తెగ ఉంటుంది కాబట్టి, అక్కడ జనగణన అంటే తెగల బలాన్ని బహిరంగంగా లెక్కపెట్టడమే. ఆ లెక్కలో తమ వాటా తగ్గుతుందని భయపడే పశ్చిమ ప్రాంతం వారున్నారు, తూర్పు వారున్నారు. సీట్లు పంచే చట్టాన్ని చేయాల్సింది ఎవరంటే, ఆ సీట్లలో కూర్చున్న 82 మందే. తమ సీటు పోతుందేమోనన్న చట్టాన్ని తామే చేయాలి, చేయకపోతే గడువు పెరుగుతుంది. ఈ అమరికలో చట్టం ఎందుకు రాలేదన్నది పెద్ద రహస్యమేమీ కాదు.

చివరికి 2020లో మూడు పార్టీలూ ఒక ఒప్పందానికి వచ్చి, 2021 మే 31న పార్లమెంటు, స్థానిక ఎన్నికలను ఒకే రోజు జరిపించాయి. సీట్లు ఎలా పంచారనుకున్నారు? 2005లో పంచినట్టే పంచారు. పదేళ్లకు పైగా తెగని తగవు పాత నిష్పత్తి దగ్గరే ఆగింది. ఆ పాత నిష్పత్తితోనే 2010లో ఎన్నిక పెట్టి ఉండవచ్చు కదా అనిపిస్తే అందులో తప్పులేదు, మాకూ అలాగే అనిపించింది.

ప్రశ్న: ప్రజలు ఎన్నుకోని పెద్దల సభకు, ప్రజలు ఎన్నుకున్న సభ గడువు పెంచే అధికారం ఎలా వచ్చింది? మరి పెద్దల సభ గడువు ఎవరు పెంచుతారు? (న్యాయవాది, జనగామ)

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1991 తరువాత సోమాలీలాండ్‌లోనూ తెగల మధ్య కాల్పులు జరిగాయి. వాటిని ఆపింది సైన్యమూ కాదు, విదేశీ మధ్యవర్తులూ కాదు. తెగల పెద్దలే చెట్ల కింద నెలల తరబడి కూర్చుని, చంపినవారి తరఫున పరిహారం లెక్కగట్టి, ఆయుధాలు అప్పగింపజేసి రాజీలు కుదిర్చారు. 1993లో బొరామా పట్టణంలో నెలల తరబడి సాగిన మహాసభ మొహమ్మద్ ఇబ్రాహీం ఎగాల్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుని, ఆ పెద్దల మండలికి పార్లమెంటులో పై సభ హోదా ఇచ్చింది. కాబట్టి దేశం ప్రమాదంలో ఉందా లేదా అని తేల్చే పనిని వాళ్ల చేతుల్లో పెట్టడం ఆనాటికి సహజంగానే తోచింది.

రెండో ప్రశ్న నిజంగా న్యాయవాది అడగవలసినదే. 58వ అధికరణం ప్రకారం గూర్తి గడువు ఆరేళ్లు. దాని సభ్యులను ఎలా ఎన్నుకోవాలో చట్టం ద్వారా నిర్ణయిస్తారని రాజ్యాంగం చెప్పి ఊరుకుంది. ఆ చట్టం రాలేదు, కనుక ఎన్నికా రాలేదు. 2006 మేలో అధ్యక్షుడు రియాలె నుంచి లేఖ వెళ్లడం, గూర్తి తన గడువును తానే నాలుగేళ్లు పొడిగించుకోవడం వెంటవెంటనే జరిగిపోయాయి. అప్పటికి ఎన్నికై ఏడాది కూడా కాని ప్రతినిధుల సభ, తమను సంప్రదించకుండా ఇదేమిటని గట్టిగానే నిలదీసింది. నాలుగేళ్ల తరువాత అదే గూర్తి చేతి మీదుగా తమ గడువు పెరిగినప్పుడు ఆ నిలదీత మళ్లీ వినిపించలేదు. అధ్యక్షుడి గడువూ ఇలాగే పెరిగేది. 2015లో అధ్యక్షుడు సిలాన్యో గడువును గూర్తి 22 నెలలు పొడిగించింది. అధ్యక్షుడు, గూర్తి, ప్రతినిధుల సభ, ముగ్గురికీ ఆలస్యం వల్ల లాభమే కాబట్టి, ఒకరి అడ్డు ఇంకొకరికి ఉంటుందన్న రాజ్యాంగ రచయితల ఆశ ఇక్కడ పనిచేయలేదు.

గూర్తి సభ్యుడు మరణిస్తే ఆ స్థానంలోకి సాధారణంగా అదే కుటుంబం నుంచి కొడుకో, దగ్గరి బంధువో వస్తాడు. రాజీలు కుదిర్చిన తరం మెల్లగా వెళ్లిపోతుండగా, ఆ అనుభవం లేని వారసులు అవే కుర్చీల్లో కూర్చుంటున్నారన్న విమర్శ హర్గేసాలో బాగా ఉంది.

ప్రశ్న: అధ్యక్షుడి పార్టీకి 33, ప్రతిపక్షాలకు 49. అలాంటి సభ పనిచేసిందా, లేక రోజూ గొడవలేనా? (పుస్తక దుకాణదారు, హుజూరాబాద్)

జవాబు: రెండూ జరిగాయి. సభ కూడగానే ప్రతిపక్షాలు చేతులు కలిపి, ఉసిద్ పార్టీకి చెందిన అబ్దిరహ్మాన్ మొహమ్మద్ అబ్దుల్లాహిని స్పీకరుగా ఎన్నుకున్నాయి. అందరూ ఆయన్ను ఇర్రో అని పిలుస్తారు. దానితో బడ్జెట్ల మీద, నియామకాల మీద అధ్యక్షుడు సభను ఒప్పించుకోక తప్పని పరిస్థితి వచ్చింది. మా అభిప్రాయంలో ఆ సభ అసలు సిసలు శాసనసభలా ఉన్నది ఆ మొదటి ఐదేళ్లే.

అందులోనూ ఎక్కువగా చెప్పుకునేది 2009 సెప్టెంబరు. రియాలె గడువు అప్పటికే గూర్తి దయతో పెరిగి ఉంది. కొత్తగా తయారైన ఓటర్ల జాబితాలో ఒకే మనిషి పలుమార్లు నమోదైన సందర్భాలు లెక్కకు మిక్కిలిగా బయటపడటంతో, జాబితా లేకుండానే అధ్యక్ష ఎన్నిక జరుపుతామని ఎన్నికల సంఘం ప్రకటించింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. సభలో వారికి సంఖ్యాబలం ఉంది కనుక అధ్యక్షుడి అభిశంసనకు తీర్మానం పెట్టారు. తీర్మానం మీద సభలో మాటలు కాస్తా చేతులదాకా వచ్చాయి. ఆ పెనుగులాటలో ఒక సభ్యుడు నడుముకున్న పిస్తోలు బయటికి తీశాడు. పోలీసులు సభ్యులను బయటికి పంపి భవనాన్ని మూసేశారు. కొద్దిరోజులకే పార్లమెంటు బయట నిరసనకారుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇథియోపియా, బ్రిటన్ మధ్యవర్తిత్వంతో నెలాఖరుకు పార్టీల మధ్య ఒప్పందం కుదిరింది, ఎన్నికల సంఘం మారింది, జాబితాను మళ్లీ సవరించారు. 2010 జూన్‌లో ఎన్నిక జరిగింది. రియాలె ఓడిపోయి, జూలైలో కుల్మియె నాయకుడు అహ్మద్ సిలాన్యోకు అధికారం అప్పగించి ఇంటికి వెళ్లాడు. ఇదే సిలాన్యో 2003లో ఇదే రియాలె చేతిలో 80 ఓట్ల తేడాతో ఓడిపోయినట్టు అప్పటి ఎన్నికల సంఘం ప్రకటించింది. ఆ తీర్పునూ వీధుల్లో రక్తం చిందకుండానే సిలాన్యో అప్పుడు అంగీకరించాడు.

ఆ తరువాతి పదకొండేళ్లలో సభ చేసిన పనులూ తక్కువేమీ కావు. దుబాయికి చెందిన డీపీ వరల్డ్ సంస్థకు బెర్బెరా ఓడరేవును 30 ఏళ్లపాటు అప్పగించే 44 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందానికి 2016లో ఆమోదం ఇచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బెర్బెరాలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సైనిక స్థావరానికి ఉభయ సభలూ ఒప్పుకున్నాయి. 2018 మార్చిలో మొగదీషులోని సోమాలియా పార్లమెంటు డీపీ వరల్డ్‌ను నిషేధిస్తూ తీర్మానించినా బెర్బెరాలో పని ఆగలేదు. గుర్తింపు లేని సభ ఆమోదించిన ఒప్పందం నడిచింది, గుర్తింపు ఉన్న సభ నిషేధం నడవలేదు. అయితే 2010 తరువాత అధ్యక్షుడిని నిలదీసే స్వభావం మాత్రం సభలో సన్నగిల్లింది. తమ గడువు పెంపునకు మొదటి ప్రతిపాదన రావలసింది ఆయన మంత్రివర్గం నుంచే అయినప్పుడు, ఆయనతో కయ్యం పెట్టుకునేవారు ఎందరుంటారు?

ప్రశ్న: పదహారేళ్లలో పార్టీలు కూడా మారి ఉంటాయి కదా? (పెద్దపల్లి)

జవాబు: మారడం కాదు, సభలో అతిపెద్ద పార్టీయే మాయమైంది. పదేళ్లకోసారి స్థానిక ఎన్నికల్లో కొత్త సంఘాలకు పోటీచేసే అవకాశమివ్వాలని, ఓట్లలో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవే ఆ తరువాతి పదేళ్లు గుర్తింపు పొందిన పార్టీలుగా ఉండాలని 2011లో ఇదే సభ చట్టం చేసింది. 2012లో ఆ పరీక్ష జరిగేసరికి ఉదుబ్ చీలిపోయి బరిలోనే లేదు. కుల్మియె, ఉసిద్‌లతోపాటు ఇర్రో కొత్తగా పెట్టిన వద్దాని నిలబడ్డాయి. అంటే ఉసిద్ టికెట్టు మీద గెలిచి స్పీకరైన మనిషి వద్దాని అధినేతగా అదే స్పీకరు కుర్చీలో మరో ఐదేళ్లు కూర్చున్నాడు. ఉదుబ్ గుర్తు మీద గెలిచిన 33 మంది, ఆ పార్టీ చట్టం దృష్టిలో లేకుండా పోయాక కూడా సభ్యులుగానే కొనసాగారు. మన ఫిరాయింపుల చట్టాన్ని దీనికి ఎలా వర్తింపజేయాలో మీరే ఆలోచించండి. 2017లో అధ్యక్ష ఎన్నికకు సిద్ధపడుతూ ఇర్రో పదవి వదిలాక, బాషె మొహమ్మద్ ఫారా స్పీకరయ్యాడు.

ప్రశ్న: 2024 ఫిబ్రవరిలో మా గడువు ముగిసిన మరునాడే గ్రామ పంచాయతీకి ప్రత్యేకాధికారి వచ్చాడు, మేం ఇంటికి వచ్చాం. అక్కడ మాత్రం సభ్యులు ఎలా కొనసాగారు? మన పార్లమెంటుకు ఇలాంటిది జరిగే వీలుందా? (మాజీ సర్పంచు, ములుగు జిల్లా)

జవాబు: అక్కడ స్థానిక మండళ్లకూ ప్రత్యేకాధికారులు రాలేదు. 2002లో ఎన్నికైన మండళ్లకు 2012లో, 2012లో ఎన్నికైన వాటికి 2021లో మళ్లీ ఎన్నిక వచ్చింది, మధ్యలో పాత సభ్యులే.

మన దగ్గర 243ఇ అధికరణం పంచాయతీ గడువు ఐదేళ్లే, అంతకు మించి లేదని కచ్చితంగా చెబుతుంది. గడువు తీరకముందే ఎన్నిక పూర్తికావాలని కూడా అదే చెబుతుంది. తెలంగాణలో రెండో మాట నెగ్గక, మొదటి మాట మాత్రమే అమలై, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు అధికారుల చేతుల్లో ఉన్నాయి. మీకు అన్యాయంగానే తోచవచ్చు, గ్రామసభ పెట్టి అడగడానికి ఎన్నికైన మనిషి లేకపోవడం నిజంగానే లోటు. అయినా ఒక తేడా గమనించాలి. పదవి పోయిన సర్పంచు ఎన్నిక ఎప్పుడని అడుగుతూనే ఉంటాడు. పదవి పెరిగిన సభ్యుడికి ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే రాదు.

లోక్‌సభ విషయానికొస్తే, 83వ అధికరణం ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటన అమల్లో ఉన్నప్పుడు పార్లమెంటు చట్టం ద్వారా గడువును ఒక్కోసారి ఏడాదికి మించకుండా పెంచవచ్చు. ప్రకటన ముగిశాక ఆరు నెలలకు మించి అది నిలవదు. 1971లో ఎన్నికైన ఐదో లోక్‌సభ 1976లో రెండుసార్లు ఏడాది చొప్పున ఇలాగే గడువు పెంచుకుంది. అదే ఏడాది 42వ సవరణతో సభ కాలపరిమితినే ఆరేళ్లు చేశారు. 1977 జనవరిలో సభ రద్దై, మార్చిలో ఓటర్లు తీర్పు చెప్పాక, 44వ సవరణ దాన్ని మళ్లీ ఐదేళ్లకు తెచ్చింది. కాబట్టి ఈ ఆశ మన నాయకులకు కలగనిదేమీ కాదు. మన రాజ్యాంగంలో ఏడాది, ఆరు నెలలు అన్న అంకెలున్నాయి, వాళ్ల 42వ అధికరణంలో లేవు. అసలు తేడా అంతే.

ప్రశ్న: తెలంగాణ ఏర్పాటునూ సోమాలీలాండ్‌నూ ఒక గాటన కట్టవచ్చా? (కరీంనగర్)

జవాబు: కట్టకూడదు. 1956లో ఇక్కడ, 1960లో అక్కడ విలీనం జరిగింది, రెండుచోట్లా తరువాత మాట నిలబెట్టుకోలేదన్న బాధ మిగిలింది. పోలిక అక్కడితో సరి. తెలంగాణ రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు చట్టంతో 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రం. సోమాలీలాండ్ తనంతట తాను ప్రకటించుకున్నది. ఇంకో సంగతి చెప్పాలంటే, మన తొలి శాసనసభ గడువు తీరకుండానే 2018 సెప్టెంబరు 6న రద్దైంది. అక్కడ పాలకులకు సాగదీతలో లాభం కనిపిస్తే, ఇక్కడ ముందుగా ముగించడంలో కనిపించింది.

ప్రశ్న: ఆ సభలో ఆడవాళ్లు ఎందరు? వాళ్లకు సంబంధించిన చట్టాలేమైనా వచ్చాయా? (గృహిణి, వరంగల్)

జవాబు: 2005లో ఏడుగురు మహిళలు పోటీచేశారు, ఇద్దరు గెలిచారు. 82 మందిలో ఇద్దరు. తెగ తరఫున అభ్యర్థిని ఖరారుచేసేది పెద్దమనుషులు. పుట్టింటి తెగ, మెట్టినింటి తెగ వేరైతే ఆమె ఎవరి మనిషి అన్న ప్రశ్న వేసి, రెండువైపులవారూ టికెట్టు మగవాడికే ఇస్తారు. లైంగిక నేరాలను శిక్షించే చట్టాన్ని ప్రతినిధుల సభ 2018లో ఆమోదించింది. అత్యాచార కేసును తెగల మధ్య పరిహారంతో సర్దేసే అలవాటు మీద అది తొలి దెబ్బ. దాన్ని మతపెద్దలు వ్యతిరేకించడంతో అమలు నిలిచిపోయింది, 2020లో ఇదే సభ దాని స్థానంలో బలహీనమైన మరో బిల్లును ఆమోదించింది. మహిళలకు కొన్ని స్థానాలు కేటాయించాలన్న ప్రతిపాదన సభ ముందుకు పలుమార్లు వచ్చి పలుమార్లూ వీగిపోయింది.

2021లో 13 మంది మహిళలు పార్లమెంటుకు పోటీచేశారు. ఒక్కరూ గెలవలేదు. అదే ఎన్నికలో, సమాజం చిన్నచూపు చూసే గబోయె అనే అల్పసంఖ్యాక వర్గానికి చెందిన బర్ఖద్ జమా హర్గేసా నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో గెలిచాడు. ఓటర్లు తెగ గీత దాటగలరని దానివల్ల తెలిసింది. ఆడవాళ్ల విషయంలో మాత్రం ఆ గీత ఇంకా దాటలేదు.

ప్రశ్న: 2021 తరువాతైనా ఈ పొడిగింపుల అలవాటు పోయిందా? (పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగినది)

జవాబు: 2021లో వద్దానికి 31, కుల్మియెకు 30, ఉసిద్‌కు 21 స్థానాలు వచ్చాయి. 2005లో మాదిరిగానే ప్రతిపక్షాలు కలిసి స్పీకరు పదవిని గెలుచుకున్నాయి, సూల్ ప్రాంతానికి చెందిన అబ్దిరిసాక్ ఖలీఫ్ ఆగస్టులో స్పీకరయ్యాడు. ఏడాది గడిచిందో లేదో, 2022 అక్టోబరు 1న గూర్తి అప్పటి అధ్యక్షుడు మూసె బిహి గడువును రెండేళ్లు, తన గడువును ఐదేళ్లు పెంచింది. ప్రతిపక్షంలో ఉండి దాన్ని వీధుల్లోకి వచ్చి వ్యతిరేకించిన వద్దాని నాయకుడు ఇర్రో, 2024 నవంబరు 13న జరిగిన ఎన్నికలో దాదాపు 64 శాతం ఓట్లతో గెలిచి, డిసెంబరులో అధ్యక్షుడయ్యాడు. పొడిగింపులతో నడిచిన ఆ పాత సభకు దాదాపు పన్నెండేళ్లు స్పీకరుగా ఉన్నదీ ఆయనే. కొత్త సభ తొలిసారి కూడింది 2021 ఆగస్టులో కనుక దాని ఐదేళ్లు 2026 ఆగస్టుతో నిండుతాయి. విపత్కర పరిస్థితి ఉందని గూర్తికి ప్రతిపాదన పంపవలసింది మంత్రివర్గం. ఆ మంత్రివర్గానికి అధిపతి ఇర్రోయే.